ఫలితం తెలిశాక కూడా చూడబుద్ధేసే వీడియోలు

అడిగిన ప్రశ్న ఇది: "యూట్యూబ్‌లో తర్వాత చూద్దామని వాచ్ లేటర్‌లో వీడియోలు కుప్పలుగా పోగేస్తాను, తెరిచేవి మాత్రం ఎప్పుడూ అవే కామెడీ బిట్లు. రెండోసారి, మూడోసారి చూసినా విలువ తగ్గని వీడియోలు మీకు తెలిసినవి చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. సినిమా సీన్లు, పాటలు వద్దు. మా నాన్నగారితో కలిసి కూర్చుని చూడగలిగేది ఒకటైనా ఉంటే మంచిది."

నేను వీడియో ఎడిటర్ని. హైదరాబాద్ కృష్ణానగర్ సందుల్లోని ఎడిటింగ్ రూముల్లో పని నేర్చుకున్నాను. సీరియళ్లు, యాడ్లు, పెళ్లి వీడియోలు, న్యూస్ ఛానెల్ ప్రోగ్రాములు, అన్నీ కట్ చేశాను. మా పనిలో ఒకే ఫుటేజ్‌ని పొద్దుటి నుంచి రాత్రి దాకా ముందుకీ వెనక్కీ తిప్పి చూడక తప్పదు. అందులో చాలా భాగం మధ్యాహ్నానికే వెగటు పుడుతుంది. కొన్ని మాత్రం సాయంత్రానికి కూడా ఏదో ఒక కొత్త సంగతి చూపిస్తూనే ఉంటాయి. ఆ తేడా ఎక్కడుందో నాకు అర్థమైనంత వరకు చెప్తాను.

మొదటిసారి చూస్తున్నప్పుడు మన కన్ను "తర్వాత ఏమవుతుంది" అన్నదాని వెంటే పోతుంది. బంతి ఎటు వెళ్తోంది, ఎవరు గెలుస్తారు, కూర ఎలా వస్తుంది. ఫలితం తెలిసిపోయాక ఆ ఆత్రం ఉండదు. అప్పుడు కన్ను తీరిగ్గా ఫ్రేములో మిగతా చోట్లకు వెళ్తుంది. అక్కడ చూడటానికి ఏమైనా ఉంటే ఆ వీడియో నిలుస్తుంది, లేకపోతే ఒక్కసారితో సరి. మీరు పోగేసినవాటిలో ఎక్కువ భాగం ఈ రెండో రకమే అయ్యుంటాయి. అందులో మీ తప్పేమీ లేదు, వాటిని అలా తయారుచేసేది మేమే. పక్కన కూర్చున్న ప్రొడ్యూసర్ "ఇక్కడ లాగ్ ఉంది, లేపెయ్" అంటాడు, లేపేస్తాం. ఊపిరి పీల్చుకోవడం, మాట తడబడటం, జవాబుకు ముందు రెండు క్షణాల మౌనం, అన్నీ పోతాయి. మళ్లీ చూడటానికి పనికొచ్చే సరుకు తరచుగా అందులోనే ఉంటుంది.

నా వరకు అన్నిటికంటే పైన ఉండేది ఒక బ్యాడ్మింటన్ మ్యాచ్. 2017 ఆగస్టు 27, గ్లాస్గో, ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్. మన పి.వి. సింధు, జపాన్ క్రీడాకారిణి నొజోమి ఒకుహర. 110 నిమిషాల ఆట. 21-19, 20-22, 22-20తో ఒకుహర గెలిచింది. ముందు రోజు సెమీఫైనల్లో సైనా నెహ్వాల్‌ని ఇంటికి పంపింది కూడా ఈవిడే, అంటే రెండు రోజుల్లో ఇద్దరు హైదరాబాదీలు ఒకే మనిషి చేతిలో ఓడారు. ఓడిపోయిన మ్యాచ్‌ని పెట్టుకుని కూర్చుంటావేంటని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

రెండో గేమ్ చివర్లో, సింధు 21-20తో ముందున్నప్పుడు, 73 షాట్ల ర్యాలీ (షటిల్ కాక్ కింద పడకుండా ఇద్దరూ కొట్టుకుంటూ పోవడం) ఒకటి ఉంది. క్లిప్పులుగా తిరిగేది అదే. దాన్ని విడిగా చూస్తే "అబ్బో" అనిపిస్తుంది, అక్కడితో సరి. మ్యాచ్ మొదటి నుంచి చూసుకుంటూ వస్తే ఆ ర్యాలీ వేరేగా కనిపిస్తుంది. ఎందుకంటే అప్పటికి గంటకు పైగా ఒకుహర ఒకే పని ఓపిగ్గా చేస్తూ వస్తోంది. కాక్‌ని వెనక గీత దాకా ఎత్తి సింధుని వెనక్కి పంపడం, వెంటనే నెట్ దగ్గరకు లాక్కురావడం, వంగేలా చేయడం. సింధు ఐదడుగుల పది అంగుళాలు దాటిన మనిషి. ఒకుహర ఐదడుగులకు కొంచెం పైన. అంత పొడుగు మనిషిని పదేపదే నేల దాకా వంచితే ఆ అలుపు వెంటనే స్కోరులో కనిపించదు, కాళ్లలో పోగవుతుంది.

అందుకే రెండోసారి చూసేటప్పుడు కాక్‌ని వదిలేసి సింధు కాళ్లు మాత్రమే చూడండి. షాట్ కొట్టాక కోర్టు మధ్యకు తిరిగొచ్చే అడుగు ఒకటుంటుంది. మొదటి గేమ్‌లో ఆ అడుగు దానంతటదే పడుతుంది. మూడో గేమ్‌కి వచ్చేసరికి దాన్ని ప్రయత్నం మీద వేయాల్సి వస్తోందని తెలుస్తుంది. ఇంకోసారి చూసేటప్పుడు పాయింట్ల మధ్య ఖాళీ చూడండి: టవల్ కోసం నడక, కొత్త కాక్ అడగడం, సర్వ్‌కి ముందు తీసుకునే ఊపిరి. ఆ కొద్ది సెకన్లలో ఇద్దరూ అలసట ఎక్కడ దాచుకుంటున్నారో కనిపిస్తుంది. హైలైట్స్ తయారుచేసేవాడు మొట్టమొదట లేపేసేది సరిగ్గా ఈ ముక్కలే. నేనైనా అదే చేసేవాణ్ణి, ఐదు నిమిషాల్లో ముగించమని చెప్తే వేరే దారి లేదు.

అది చూశాక 2019 ఆగస్టులో బాసెల్‌లో జరిగిన ఫైనల్ పెట్టుకోండి. మళ్లీ ఆ ఇద్దరే. ఈసారి 21-7, 21-7తో సింధు గెలిచింది, 40 నిమిషాలు కూడా పట్టలేదు. గ్లాస్గో చూడనివాళ్లకు అది ఏకపక్షంగా సాగిన చప్పటి మ్యాచ్. చూసినవాళ్లకు మాత్రం ప్రతి పాయింటూ ఒక జవాబులా ఉంటుంది. ర్యాలీని పొడుగు కానివ్వకుండా మొదటి మూడు నాలుగు షాట్లలోనే దాడికి దిగడం ఎందుకో అప్పుడు అర్థమవుతుంది. నా ఉద్దేశంలో ఈ రెండూ కలిపి ఒకే వీడియో.

క్రికెట్ ప్రస్తావన లేకుండా హైదరాబాద్‌లో ఇలాంటి జవాబు ముగించడం కష్టం కాబట్టి 2001 మార్చి ఈడెన్ గార్డెన్స్ కూడా చెప్పాలి. మొదటి ఇన్నింగ్స్‌లో 171కి ఆలౌటై, ఆస్ట్రేలియా కంటే 274 పరుగులు వెనకబడి ఫాలోఆన్ ఆడిన మన జట్టు. మొదటి ఇన్నింగ్స్‌లో 59 కొట్టిన వి.వి.ఎస్. లక్ష్మణ్‌ని మూడో స్థానంలో పంపారు. 281 కొట్టాడు. ద్రవిడ్ 180. ఇద్దరి మధ్య 376 పరుగులు. నాలుగో రోజు 254/4తో మొదలుపెట్టి 589/4తో ముగించారు, రోజంతా ఒక్క వికెట్ పడలేదు. ఆ టెస్టు మొదలైన మార్చి 11నే బర్మింగ్‌హామ్‌లో పుల్లెల గోపీచంద్ చైనాకు చెందిన చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచాడు. అప్పట్లో ఇంటింటికీ యూట్యూబ్ ఉండి ఉంటే ఆ వారం ఈ ఊరు నిద్రపోయేది కాదు.

ఈ ఇన్నింగ్స్ హైలైట్స్‌లో ఒక ఇబ్బంది ఉంది. 44 ఫోర్లను వరసగా అతికిస్తే ఆట చాలా సులువుగా కనిపిస్తుంది. వదిలేసిన బంతులు, అడ్డుకున్న బంతులు లేకపోతే ఫోర్‌కి బరువుండదు. అయినా చూడొచ్చు, ఒక పద్ధతిలో. షేన్ వార్న్ బౌలింగ్ వచ్చినప్పుడు బంతి చేతిలోంచి వదిలే ముందు పాజ్ చేయండి. ఫీల్డర్లు ఎక్కడున్నారో చూసుకుని, బంతి ఎటు పోతుందో మనసులో అనుకుని ప్లే నొక్కండి. లెగ్ స్టంప్ బయట గరుకు నేల మీద పడి లోపలికి తిరిగే బంతిని లక్ష్మణ్ ముందుకొచ్చి ఒకసారి కవర్స్‌లోకి, దాదాపు అలాంటిదే ఇంకో బంతిని పూర్తిగా రెండో వైపున మిడ్‌వికెట్‌లోకి కొడతాడు. ఎన్నిసార్లు చూసినా నా అంచనా తప్పుతూనే ఉంటుంది.

ఇక చంద్రయాన్-3. ఇస్రో ఛానెల్‌లో 2023 ఆగస్టు 23 సాయంత్రం నాటి ప్రత్యక్ష ప్రసారం. ఆ రోజు ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు. మీరు కూడా చూసే ఉంటారు. కానీ అప్పుడు మనందరి కళ్లూ ఒకే చోట ఉన్నాయి, దిగిందా లేదా అని. ఇప్పుడు దిగిందని తెలుసు కాబట్టి తీరిగ్గా చూడొచ్చు.

అయితే దాని కంటే ముందు 2019 సెప్టెంబర్ 7 తెల్లవారుజాము ప్రసారం చూడమంటాను. చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ దిగాల్సిన రాత్రి. తెర మీద ఒక గ్రాఫ్ ఉంటుంది. వెళ్లాల్సిన దారిని చూపించే గీత, దాని వెంట కదిలే ఆకుపచ్చ చుక్క. చంద్రుడి నేలకి రెండు కిలోమీటర్ల పైచిలుకు ఎత్తులో ఆ చుక్క గీతని వదిలి పక్కకి జారుతుంది. కొంచెమే. చూస్తున్న మామూలు ప్రేక్షకులకు అదేంటో తెలియదు. గదిలో ఉన్నవాళ్లకు తెలుసు. వ్యాఖ్యానం మామూలుగానే సాగుతుంటుంది, వెనక వరసల్లో ముఖాలు మాత్రం అప్పటికే మారిపోతాయి. కోట్ల రూపాయలు పెట్టి నటులతో తీయించినా ఆ కొద్ది క్షణాలు రావు.

ఏం జరిగిందన్నది తర్వాత ఇస్రో వివరించింది. ఇంజిన్లు అనుకున్నదానికంటే కొంచెం ఎక్కువ బలంతో నెట్టాయి, చిన్న చిన్న తేడాలు పోగయ్యాయి. వాటిని సరిదిద్దుకోవడానికి ల్యాండర్ ఎంత వేగంగా తిరగాలో అంత వేగంగా తిరిగే వీలు దానికి లేదు. దిగాల్సిన చోటు కూడా 500 మీటర్ల చదరం మాత్రమే. చంద్రయాన్-3కి ఆ చోటుని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకి పెంచారు. కాళ్లు గట్టిపరిచారు, ఇంధనం పెంచారు, నడిమి ఇంజిన్ తీసేసి నాలుగే ఉంచారు, వేగం కొలవడానికి లేజర్ పరికరం ఒకటి చేర్చారు. ఏయే విధాలుగా చెడిపోవచ్చో ముందు రాసుకుని, వాటికి తట్టుకునేలా డిజైన్ చేశారని అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ గారు చెప్పారు.

ఇంత తెలుసుకుని 2023 వీడియో పెట్టుకుంటే చూసే పద్ధతే మారిపోతుంది. 30 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు 1.68 కిలోమీటర్ల వేగంతో మొదలవుతుంది. మొదటి దశ పదకొండున్నర నిమిషాలు. తర్వాత 7.4 కిలోమీటర్ల దగ్గర పది సెకన్ల పాటు ల్యాండర్ తన ఒంపు సరిచూసుకుంటుంది. ఆ తర్వాత మళ్లీ వేగం తగ్గింపు, చివర 150 మీటర్ల దగ్గర గాల్లో (అక్కడ గాలి లేదు, మాట వరసకి) ఆగి కింద బండలున్నాయా అని చూసుకోవడం. ఒక్కో దశ దాటినప్పుడు చప్పట్లు ఎంత గట్టిగా వినిపిస్తాయో గమనించండి. 2019లో ఎక్కడ ఆగిపోయిందో ఆ ఎత్తు దగ్గరకు వచ్చినప్పుడు గది ఎలా ఉందో చూడండి.

ఇంకో సంగతి నన్ను ప్రతిసారీ పట్టి ఆపుతుంది. ఆ ఇరవై నిమిషాల పాటు గదిలో ఎవరూ ల్యాండర్‌ని నడపడం లేదు. దిగడం మొదలయ్యాక అంతా దాని సొంత కంప్యూటరే చూసుకుంటుంది. చంద్రుడి నుంచి సిగ్నల్ రావడానికే సెకనుకు పైగా పడుతుంది, చెయ్యి పెట్టినా లాభం లేదు. అంటే నాలుగేళ్లు దాని మీద పనిచేసినవాళ్లు కూడా ఆ సమయంలో మనతో పాటు ప్రేక్షకులే. మనకంటే ఎక్కువ తెలిసిన ప్రేక్షకులు, అంతే తేడా. మా భాషలో చెప్పాలంటే ఆ ప్రసారం మొత్తం రియాక్షన్ షాట్లే (జరిగేదాన్ని చూస్తున్నవాళ్ల ముఖాలు), ఒక్కటి కూడా తీయించింది కాదు. చివర్లో సోమనాథ్ గారు మైకు దగ్గరకొచ్చి భారత్ చంద్రుడి మీద ఉందని చెప్పే ముక్క అందరూ షేర్ చేస్తారు. నాకు దానికి ముందున్న నిమిషమే ఎక్కువ ఇష్టం.

చంద్రుడి దగ్గరే ఉన్నాం కాబట్టి ఇంకోటి. 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో డేగ ఈక పట్టుకుని రెండూ ఒకేసారి వదిలే వీడియో. నిమిషం కూడా ఉండదు. సుత్తి 1.32 కిలోలు, ఈక 30 గ్రాములు. గాలి లేదు కాబట్టి రెండూ కలిసే నేలని తాకుతాయి. స్కూల్లో చదివినదే. రెండోసారి చూసేటప్పుడు పాజ్ చేసి కీబోర్డు మీద పుల్‌స్టాప్ కీ నొక్కుతూ ఒక్కో ఫ్రేమూ ముందుకు జరపండి, కామా నొక్కితే వెనక్కి వస్తుంది. అక్కడ గురుత్వాకర్షణ మన దగ్గరి దాంట్లో ఆరో వంతే. ఛాతీ ఎత్తు నుంచి నేలకి చేరడానికి దాదాపు 1.4 సెకన్లు పడుతుంది. ఇక్కడైతే అందులో సగం కూడా పట్టదు. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే ఫ్రేములు లెక్కపెట్టించి గురుత్వాకర్షణ విలువ కట్టించొచ్చు. బొమ్మ మసగ్గా ఉంటుంది, ఓపిక పట్టాలి.

అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్‌ని 1983లో బీబీసీ వాళ్లు కూర్చోబెట్టి మాట్లాడించిన వరుస ఒకటుంది. అందులో అయస్కాంతాల ముక్క చూడండి. రెండు అయస్కాంతాలు ఒకదాన్నొకటి ఎందుకు తోసుకుంటాయని అడుగుతారు. ఆయన జవాబు చెప్పడు. "ఎందుకు" అని అడగడంలో ఉన్న చిక్కు చెప్పడం మొదలుపెడతాడు. మిన్నీ అత్తయ్య ఆస్పత్రిలో ఉంది, ఎందుకు? మంచు మీద జారి తుంటి విరిగింది. మంచు మీద జారడం ఎందుకు? అలా తవ్వుకుంటూ పోతాడు. మొదటిసారి చూస్తే దాటవేస్తున్నాడనిపిస్తుంది, కాస్త పొగరు కూడా కనిపిస్తుంది. రెండోసారికి అర్థమవుతుంది, అయస్కాంత శక్తిని మీకు తెలిసిన ఇంకోదానితో పోల్చి చెప్తే మిమ్మల్ని మోసం చేసినట్టే అవుతుందని ఆయన నిజంగానే నమ్ముతున్నాడని. మా ఛానెల్‌లో అయితే ఈ బిట్ ముప్పై సెకన్లకు కుదించి కింద టికర్ వేసేవాళ్లం.

ఇంతసేపూ కట్ చేయనివాటినే పొగిడాను. మా వృత్తికి అన్యాయం జరగకూడదు కాబట్టి బాగా కట్ చేసిన వీడియో ఒకటి. "ఎవ్రీ ఫ్రేమ్ ఎ పెయింటింగ్" అని టోనీ జౌ, టేలర్ రామోస్ నడిపిన ఛానెల్‌లో జాకీ చాన్ యాక్షన్ కామెడీ గురించి 2014లో పెట్టినది. తొమ్మిది నిమిషాలు. అందులో ఒక సంగతి నా పనినే మార్చింది. హాంకాంగ్ ఫైట్లలో దెబ్బని రెండు షాట్లలో చూపిస్తారు. మొదటి షాట్‌లో దూరం నుంచి దెబ్బ తగలడం కనిపిస్తుంది, రెండో షాట్‌లో దగ్గరగా మళ్లీ అదే తగలడం, కొన్ని ఫ్రేములు వెనక్కి జరిపి. కొత్త షాట్‌కి కన్ను సర్దుకోవడానికి ఆ ఫ్రేములు ఖర్చవుతాయి కాబట్టి చూసేవాళ్లకు అది రెండుసార్లు తగిలినట్టు ఉండదు, ఒకే దెబ్బ గట్టిగా తగిలినట్టు ఉంటుంది. మామూలు హాలీవుడ్ పద్ధతిలో సరిగ్గా తగిలే క్షణంలో కట్ చేస్తారు, దాంతో దెబ్బ మాయమైపోతుంది. మన దగ్గర ఇంకో సంప్రదాయం ఉంది, ఒక్క తన్నుని మూడు యాంగిల్స్‌లో స్లో మోషన్‌లో వేయడం. దాని లెక్క వేరు, అక్కడ దెబ్బ కంటే హీరో ముఖ్యం. ఆ వీడియోని ఒకసారి మామూలుగా, ఇంకోసారి సౌండ్ తీసేసి చూడండి. మాట లేకుండా కూడా వాదన అర్థమైతే ఎడిటింగ్ బాగున్నట్టు.

లెక్కలంటే భయం లేకపోతే గ్రాంట్ శాండర్సన్ ఛానెల్ "త్రీ బ్లూ వన్ బ్రౌన్"లో 2019 జనవరిలో వచ్చిన రెండు వీడియోలు. నున్నటి నేల మీద రెండు దిమ్మెలు, ఒక పక్క గోడ. పెద్ద దిమ్మె వచ్చి చిన్నదాన్ని గుద్దుతుంది, చిన్నది గోడని గుద్ది తిరిగొస్తుంది. మొత్తం ఎన్నిసార్లు ఢీకొన్నాయో లెక్కపెట్టాలి. రెండూ ఒకే బరువైతే 3. పెద్దది 100 రెట్లు బరువైతే 31. 10,000 రెట్లయితే 314. వృత్తం లెక్కల్లో వచ్చే π (3.14...) విలువలోని అంకెలు వరసగా వస్తున్నాయి, వృత్తం అక్కడెక్కడా లేదు! మొదటి వీడియో ప్రశ్న అడిగి ఆపేస్తుంది, జవాబు వారం తర్వాత పెట్టాడు. మీరు ఆ వారం ఆగక్కర్లేదు గానీ ఒక్క రాత్రైనా ఆగండి. జవాబు వీడియో ఒక్కసారికి అందదు. ఎక్కడ అందలేదో అక్కడ ఆపి, కాగితం తీసుకుని, మళ్లీ వెనక్కి వెళ్లి చూడటానికే అది తయారైంది.

మాట లేని వీడియోల్లో "ప్రిమిటివ్ టెక్నాలజీ" ఒక్కటి చాలు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ అడవిలో జాన్ ప్లాంట్ అనే ఆయన 2015 నుంచి చేస్తున్నాడు. నిక్కరు తప్ప ఒంటి మీద ఏమీ లేకుండా, చేతులతో మట్టి పిసికి, కట్టెలు రాపాడించి నిప్పు చేసి, పెంకులు కాల్చి గుడిసె కడతాడు. ఒక్క ముక్క మాట్లాడడు. చాలామందికి తెలియనిది ఏంటంటే సబ్‌టైటిల్స్ ఆన్ చేస్తే ఏ మట్టి, ఎంతసేపు, ఎందుకు అని ఆయన రాసిన వివరమంతా వస్తుంది. కాబట్టి మొదటిసారి ఆఫ్‌లో, రెండోసారి ఆన్‌లో. ఆయన్ని చూసి బయల్దేరిన అనుకరణ ఛానెళ్లు చాలా ఉన్నాయి, రాత్రికి రాత్రే ఈతకొలను కట్టేస్తుంటారు. వాటి జోలికి పోవద్దు.

మనవైపు వస్తే, నూరేళ్లు దాటాయని ఇంట్లోవాళ్లు చెప్పిన మస్తానమ్మ గారి వంటలు "కంట్రీ ఫుడ్స్"లో ఉన్నాయి. 2018 డిసెంబర్‌లో ఆవిడ పోయారు. పుచ్చకాయలో కోడికూర వండినదే అందరికీ తెలుసు. నన్నడిగితే వంట కోసం కాకుండా ఆవిడ చేతుల కోసం చూడాలి. అల్లం పొట్టు గోటితో తీసేస్తారు, కొలతలన్నీ పిడికిలితోనే. పొయ్యిలో కట్టె ఎప్పుడు వెనక్కి లాగుతున్నారో గమనిస్తే మంట మీద వంటంటే ఏంటో తెలుస్తుంది, అది రెసిపీలో ఎవరూ రాయరు. తెలంగాణ వైపు నారాయణ రెడ్డి తాత "గ్రాండ్‌పా కిచెన్" కూడా అలాంటిదే. పెద్ద పెద్ద గిన్నెల్లో వండి అనాథ పిల్లలకు పెట్టేవారు. 2019 అక్టోబర్‌లో ఆయనా పోయారు. ఆ వీడియోల చివర పిల్లలు తినే భాగాన్ని మొదటిసారి దాటేస్తాం. అందులో ఏ పిల్లాడు మొదట తనకు పెట్టుకుంటున్నాడో, ఏ పిల్లాడు పక్కవాడి పళ్లెం చూస్తున్నాడో ఉంటుంది.

పనికిరానివాటి గురించి ఎక్కువ చెప్పను. మోటివేషన్ వీడియోలు, "మీకు తెలియని పది నిజాలు", రియాక్షన్ వీడియోలు ఒక్కసారి చూడటానికి కూడా ఎక్కువే. ఇంటర్వ్యూల్లో నాలుగైదు కెమెరాలు పెట్టి ప్రతి రెండు సెకన్లకి యాంగిల్ మార్చేవి కూడా అంతే. మాట్లాడే మనిషి ముఖం మీద నిలబడే ధైర్యం లేనప్పుడే అన్ని కట్లు పడతాయి.

చూసే విషయంలో ఒకటి రెండు మాటలు. మొదటిసారి ఎక్కడైనా చూడండి, అమీర్‌పేట మెట్రోలో నిలబడి ఫోన్లో చూసినా ఫర్వాలేదు. రెండోసారికి మాత్రం పెద్ద తెర కావాలి, లేకపోతే ఫ్రేము మూలలు కనిపించవు. రెండింతల స్పీడు పాఠాలకి పనికొస్తుంది, వీటికి పనికిరాదు. వాచ్ లేటర్‌ని పెంచుకుంటూ పోయే బదులు విడిగా ఒక చిన్న ప్లేలిస్ట్ పెట్టుకుని, రెండోసారి నిజంగా చూసినదాన్ని మాత్రమే అందులో వేయండి.

నాన్నగారితో చూడటానికి ఒక్కటే అడిగితే, బాలసుబ్రహ్మణ్యం గారు నడిపిన "పాడుతా తీయగా" పాత ఎపిసోడ్లు. పాటలు వద్దన్నారు, తెలుసు. నేను చెప్పేది పాట అయ్యాక వచ్చే భాగం గురించి. 1996లో ఈటీవీలో మొదలైన కార్యక్రమం అది. పిల్లలు పాడటం ముగించాక ఆయన మైకు తీసుకుని ముందు మెచ్చుకుంటారు, తర్వాత ఏ అక్షరం దగ్గర ఒత్తు జారిందో, ఏ సంగతి (పాటలో పలికించే చిన్న స్వరాల విరుపు) తేలిపోయిందో తానే పాడి చూపిస్తారు. ఆ పాట రికార్డింగ్ నాడు ఏమైందో, సంగీత దర్శకుడు ఏమన్నారో చెప్తారు. మొదటిసారి ఆ కబుర్లు వింటాం. రెండోసారి పిల్లల ముఖం చూడండి. తప్పు చెప్పించుకుంటున్న పిల్ల బిక్కమొహం వేయకుండా, నవ్వుతూ తలూపేలా ఆ మాట ఎలా అన్నారన్నది అక్కడ తెలుస్తుంది. మేనేజర్లుగా పనిచేసేవాళ్లకు కూడా చూపించాల్సిన సంగతి. క్లిప్పులు మాత్రం తెరవొద్దు, వాటిలో చాలావరకు పాట ఉంచి ఆయన మాటలు లేపేస్తారు. పూర్తి ఎపిసోడ్లు వెతికి పెట్టండి. నాన్నగారు మధ్యలో ఆపి ఆ పాట గురించి తనకు తెలిసింది చెప్పబోతే, రిమోట్ ఆయన చేతిలోనే ఉంచండి.